నానిన అప్పడం మొహం

నేను బ్యాంకు గుమాస్తాని. అంటే, రిటైరైన గుమాస్తాని. కానీ మా జాతిలో విరమణ ఉద్యోగానికే గాని మొహానికి ఉండదు. ముప్పయ్యొక్క ఏళ్లు క్యాష్ కౌంటరు జాలీ వెనక కూర్చున్నవాడి మొహం మీద ఆ గళ్లు అచ్చు పడిపోతాయని మా ఆవిడ అంటుంది. బరంపురంలో బడా బజార్‌కి నాలుగడుగుల దూరంలో మా బ్రాంచి. బ్యాంకు పేరు అడక్కండి, పింఛను ఇంకా అక్కణ్ణించే వస్తోంది.

అందుకే 2010 ఫిబ్రవరి 24న బ్రస్సెల్స్‌లో, యూరోపియన్ పార్లమెంటు నిండు సభలో, ఒక దొరగారు మా జాతిని పట్టుకుని అన్న మాట బడా బజార్‌లో నాకు గుచ్చుకుంది. ఆ దొర పేరు నైజెల్ ఫరాజ్, బ్రిటన్ నుంచి వెళ్లిన సభ్యుడు. ఎదురుగా కూర్చున్నాయన హెర్మన్ వాన్ రోంపుయ్, బెల్జియం మాజీ ప్రధాని, యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్ష పీఠం మీద కొత్తగా కూర్చున్నవాడు. ఫరాజ్ లేచి, ఈయనకి తడిగుడ్డకి ఉన్నపాటి ఆకర్షణా, తక్కువ తరగతి బ్యాంకు గుమాస్తా వాలకమూ ఉన్నాయన్నాడు. అక్కడితో ఆగక, ఈయన వచ్చిన బెల్జియం అసలు దేశంలా లేదు పొమ్మన్నాడు.

బెల్జియం సంగతి బెల్జియం చూసుకుంటుంది. తడిగుడ్డకి నోరు లేదు. మరి మా సంగతి?

సభాధ్యక్షుడు యెర్జీ బుజెక్ పిలిచి క్షమాపణ చెప్పమన్నాడు. చెప్పనన్నాడు ఫరాజ్. బ్యాంకు గుమాస్తాల మనసు నొచ్చుకుని ఉంటే వాళ్లకి మాత్రం చెబుతానన్నాడు. (ఆ క్షమాపణ నాకు ఇంకా ముట్టలేదు. ఏ సస్పెన్స్ ఖాతాలో పడి ఉందో.) పది రోజుల బత్తా కోశారు. రోజుకి 298 యూరోలు, పది రోజులకి 2,980. అప్పటి మారకం రేటుకి మన రూపాయల్లో లక్షా ఎనభై వేల పైచిలుకు. ఒక్క తిట్టుకి ఆ ధర పలికితే బడా బజార్‌లో కూరగాయలమ్ముకునే వాళ్లందరూ మధ్యాహ్నానికల్లా దివాలా తీస్తారు.

మా జాతికి ఒక జబ్బుంది. ఏ కాగితమైనా రెండోసారి చదువుతాం. ఫరాజ్ ప్రసంగం అలాగే రెండోసారి చదివాను. తడిగుడ్డనీ గుమాస్తానీ పక్కకి తీసి పెడితే అడుగున ఒక ప్రశ్న కనిపించింది. ఎవరయ్యా నువ్వు, నిన్ను ఎన్నుకున్నదెవరు, నువ్వు వద్దనుకుంటే యూరప్ జనం నిన్ను దింపే దారేది? ఇదీ ప్రశ్న. తప్పేముంది? ఇంట్లో అద్దెకు దిగినవాణ్ణి కూడా మనం ఈ మూడూ అడుగుతాం.

పైగా ఈ ప్రశ్నకి జవాబు ఉంది. 2009 నవంబరు 19 రాత్రి బ్రస్సెల్స్‌లో 27 దేశాల అధినేతలు భోజనాల దగ్గర కూర్చుని ఈయన్ని ఎంచుకున్నారు. డిసెంబరు 1న లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చింది. పదవీకాలం రెండున్నరేళ్లు. ఘోరమైన తప్పు చేస్తే, పెట్టినవాళ్లే మళ్లీ ఓటేసి తీసెయ్యొచ్చు. జనం నేరుగా దింపే దారి మాత్రం లేదు. ఇంతే. చెప్పడానికి అర నిమిషం. ఆ జవాబు విని, ఇదేం ప్రజాస్వామ్యమని ఒకరూ, ఎన్నికైనవాళ్లే ఎన్నుకున్నారు గదా అని ఇంకొకరూ పేచీ పడితే అది చర్చ అయ్యేది. వాన్ రోంపుయ్ గారు మాత్రం, సభలో వచ్చిన ఒక ప్రసంగం పట్ల తనకి తిరస్కారం తప్ప ఇంకేమీ లేదనీ, అంతకు మించి మాట్లాడననీ తేల్చేశారు. ఈయన జపాను పద్ధతిలో హైకూలు రాస్తారు. ఆ ఏడాదే పుస్తకం కూడా వేశారు. మూడు పాదాలు రాయగల చేతికి ఈ జవాబు ఒక్క పాదమైనా రాలేదు.

ఎందుకు వస్తుంది? తిట్టినవాడికి తిట్టే కావాలి, తిట్టు తిన్నవాడికీ తిట్టే కావాలి. ఒకాయన ఆ ముక్క ఇంటర్నెట్టులో లక్షలమందికి చూపించుకున్నాడు, ఇంకొకాయన గాయపడ్డ పెద్దమనిషిగా ఇంటికెళ్లాడు. సభ తన పరువుకి 2,980 యూరోల వెల కట్టి జేబులో వేసుకుంది. ప్రశ్న ఎవరికి పనికొస్తుంది? దాన్ని ఊడ్చేవాడు ఊడ్చుకుపోయాడు.

అసలు అక్కడి వ్యవహారమే గుమాస్తాలకి కూడా తల తిరిగేటట్టు ఉంటుంది. యూరోపియన్ కౌన్సిల్ ఒకటి, యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ ఇంకొకటి, కౌన్సిల్ ఆఫ్ యూరప్ మరొకటి. మొదటిది రెండోది కాదు, మూడోది అసలు వీళ్లదే కాదు. బాధ్యుడెవరని అడగాలంటే ముందు చిరునామా దొరకాలి గదా. ఒకే ఇంటి నంబరుతో మూడు తలుపులు పెట్టుకున్నవాణ్ణి మా బ్రాంచిలో అప్పు ఇచ్చే ముందు నాలుగుసార్లు చూసేవాళ్లం.

ఇంతకీ నిన్నెవరు ఎన్నుకున్నారన్న ప్రశ్న మాకేం కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న పొద్దున్న లేచేసరికి బరంపురం ఉన్న మా గంజాం ప్రాంతం మద్రాసు రాజధానిలోంచి కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్లిపోయింది. గీత గీసిన వాళ్లని బడా బజార్ ఎన్నుకోలేదు. ఆ రోజు ఏప్రిల్ ఒకటో తారీఖు కావడం వల్ల మా తాత చాన్నాళ్లు నమ్మలేదట. తరవాత అందరం నమ్మాం, కలిసిపోయాం. ఇప్పుడు బజార్లో తెలుగులో తిడితే ఒడియాలో జవాబొస్తుంది. తూకం రాయి మాత్రం రెండు భాషలకీ ఒకటే.

ఆ తూకం రాయి దగ్గర కాసేపు నిలబడాలి. బడా బజార్లో మర్యాద దొరకదు. ఉదయం ఎనిమిదింటికి వెళ్లి చూడండి. "ఇదేటి వంకాయా, పురుగుల సత్రమా?" అంటుంది కొనే ఆవిడ. "నీ కళ్లకి ముందు అద్దాలెట్టించుకో," అంటాడు అమ్మేవాడు. కానీ గమనించండి, ఆవిడ చేతిలో ఆ వంకాయ ఉంటుంది. విరిచి చూపిస్తుంది. పురుగుంటే వాడు నోరు మూసుకుని ఇంకొకటి వేస్తాడు. లేకపోతే ఆవిడ మూసుకుని విరిచినదానికి కూడా డబ్బులిస్తుంది. పక్కన నిలబడ్డ నలుగురూ చూస్తారు. ఇక్కడ తిట్టుకి బిల్లు ఉంటుంది, సరుకు జత చేసి ఉంటుంది. చట్టసభల్లో, టీవీ చర్చల్లో తిట్టుకి వంకాయ ఉండదు. ఉత్త పురుగే ఉంటుంది, అది కూడా ఎదుటివాడి పేరు మీద.

నాకు తగిలిన తిట్టు ఒకటి చెబుతాను. పదిహేనేళ్ల కిందటి మాట. బడా బజార్లో అప్పడాలూ పచ్చళ్లూ అమ్ముకునే పెద్దావిడ ప్రతి సోమవారం డబ్బు కట్టడానికి వచ్చేది. పమిట కొంగులో మూట. పదులూ ఇరవైలూ వందలూ, అన్నిటికీ ఇంగువ వాసన. ఆ రోజు కౌంటరు ముందు జనం తాటాకు పందిట్లోలా కిక్కిరిసి ఉన్నారు. నేను లెక్కపెట్టి, స్లిప్పు దిద్దించి, ముద్ర కొట్టి ఇచ్చాను. ఆవిడ పక్కకి వెళ్లి ఎవరిచేతో చదివించుకుని తిరిగొచ్చింది. 

"ఏటి బాబూ, నానిన అప్పడంలాగ ఆ మొహమూ నువ్వూను! నా ఐదొందలేవి?"

హాలు హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నాకు ఐదొందలు వినపడలేదు, అప్పడం ఒక్కటే వినపడింది. లెక్కపెట్టాను గదమ్మా, నీ ఎదురుగానే గదా అన్నాను. ఆవిడ ఇంకో రెండు మాటలు కలిపింది. అవి ఇక్కడ రాయను. మేనేజరుగారు గదిలోంచి బయటికొచ్చారు. చాలా మర్యాదస్తులు. "అమ్మా, ముందు మర్యాదగా మాట్లాడండి. తరవాత చూద్దాం," అన్నారు.

నా సర్వీసంతటిలో విన్న అన్ని మాటల్లోకీ ఆ 'తరవాత' అన్నది ప్రమాదకరమైనదని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం చల్లగా అనిపించింది. క్యూలో వాళ్లు కూడా, నిజమే గదా, ఆఫీసరుబాబుతో అలాగా మాట్లాడడం అన్నారు. పావుగంట సేపు ఆవిడ నోటి మీద విచారణ జరిగింది. సొరుగు తెరిచి నోట్లు మళ్లీ లెక్కపెట్టడానికి నాలుగు నిమిషాలు చాలు. ఆ నాలుగు నిమిషాలు ఎవరికీ దొరకలేదు. చివరికి ఆవిడ "తప్పయిపోనాది బాబూ" అని మూట ముడేసుకుని వెళ్లిపోయింది. నేను గెలిచాను. సభాగౌరవం నిలబడింది.

సాయంత్రం క్యాష్ కట్టేటప్పుడు ఐదొందలు ఎక్కువ తేలింది.

తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. క్యాష్ తక్కువొస్తే గుమాస్తా జేబులోంచి పెట్టుకోవాలి. ఎక్కువొస్తే జేబులో వేసుకోకూడదు, పుస్తకంలో చూపించాలి. టాలీ కాకుండా ఇంటికెళ్లడం లేదు. ఫరాజ్ దొర నవ్విన ఆ తక్కువ తరగతి వాలకం ఇలా వస్తుంది. రోజూ సాయంత్రం ఐదింటికి సొరుగు ముందు నిలబడి, పొద్దుటి నుంచీ చేసినదానికి రూపాయితో సహా జవాబు చెప్పినవాడి వాలకం అది. ఐదేళ్లకోసారి జవాబు చెప్పేవాళ్లకి మొహం నిగనిగలాడుతుంది. మా బరంపురంలో బుడ్ఢీ ఠాకురాణి తల్లి కూడా రెండేళ్లకోసారి పుట్టింటికి వచ్చి జనం గోడు వింటుంది. ఎంపీలు ఐదేళ్లకోసారి. తల్లికి వేషాలు భక్తులు వేస్తారు, వీళ్లు మాత్రం స్వయంగా వేసుకుంటారు.

నోరు చేసుకోని నాయకులు మాకు లేకపోలేదు. 1996లో నంద్యాలలోనూ బరంపురంలోనూ గెలిచిన పి.వి. నరసింహారావుగారు నంద్యాలని వదిలి మమ్మల్ని ఉంచుకున్నారు. ఎన్నో భాషలు వచ్చిన పెద్దాయన. ఏ భాషలోనూ తొందరపడి జవాబు చెప్పే అలవాటు లేదు. తిట్టు జవాబుని తరిమేస్తుందంటాం గానీ, మర్యాదస్తుల మౌనం దాన్ని కడుపులోనే ఉంచుకుంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే మా ఊరి బిడ్డ కథే ఉంది. వి.వి. గిరి ఇక్కడే 1894లో పుట్టారు, కళ్లికోట కాలేజీలో చదివారు. యూరప్ కూడా చూశారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఐర్లండు స్వాతంత్ర్యవాదులతో తిరిగి, 1916లో దేశం విడిచి పొమ్మనిపించుకున్నారు. 1969 రాష్ట్రపతి ఎన్నికల్లో ఆయనొక పక్క, నీలం సంజీవరెడ్డి ఇంకో పక్క. ఇద్దరూ తెలుగువాళ్లే, ఒకే గూటివాళ్లే. పోలింగుకి ముందు సంజీవరెడ్డి మీద ఒక కరపత్రం ఓటర్ల చేతుల్లోకి, పార్లమెంటు సెంట్రల్ హాల్లోకి కూడా చేరింది. అచ్చేసినవాడి పేరు లేదు, వేయించినవాడి పేరు లేదు. అందులో ఉన్నది చెప్పడానికి నాకు నోరు రాదు, వంకాయ లేని పురుగు అంటే మీకు అర్థమవుతుంది. ఇప్పటి వాట్సాప్ ముక్కలకి అది ముత్తాత.

గిరి రెండో ప్రాధాన్య ఓట్లతో గెలిచారు. ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. 1970లో ఐదుగురు జడ్జీల ముందు విచారణ. రాష్ట్రపతిగారి సాక్ష్యం రాష్ట్రపతి భవన్‌లోనే తీసుకోవడానికి కమిషన్ వేస్తామన్నారు. అక్కర్లేదని గిరి తానే కోర్టుకి వెళ్లి సాక్షిగా జవాబులు చెప్పారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా కోర్టు మెట్లెక్కడం దేశం చూసింది. కరపత్రంలో ఆయన చెయ్యి ఉన్నట్టు రుజువు కాలేదు, పిటిషన్లు కొట్టేశారు. తిట్లు తిన్న సంజీవరెడ్డి 1977లో పోటీయే లేకుండా అదే కుర్చీలో కూర్చున్నారు. రాసినవాడు మాత్రం ఏ సాక్షి బోనులోకీ రాలేదు. పేరు లేనివాడికి సమను ఎక్కడ ఇస్తారు?

రాష్ట్రపతి భవన్ నుంచి సుప్రీంకోర్టుకి ఎంత దూరమో, మేనేజరు గది నుంచి నా సొరుగుకీ ఆ రోజు అంత దూరమే. మనసుంటే నాలుగు నిమిషాలు.

యూరప్‌లో ఆ నాలుగు నిమిషాల పని చేసినవాడు కూడా ఒకడున్నాడు. మంత్రివర్గంలాంటి యూరోపియన్ కమిషన్ని కూలదోసింది ఏ నోటి దురుసు మొనగాడో కాదు, పాల్ వాన్ బుయిటెనెన్ అనే డచ్చి ఉద్యోగి, కమిషన్ లెక్కల విభాగంలో సహాయ ఆడిటరు. అంటే ఫరాజ్ గారి కొలమానంలో మా తరగతివాడే. 1998 చివర్లో అక్రమాల కాగితాలు పార్లమెంటు సభ్యులకి అందించాడు. బహుమతిగా సస్పెన్షన్, సగం జీతం. జనవరిలో అవిశ్వాసం పెడితే 232 మంది అవునన్నారు, 293 మంది కాదన్నారు. ప్రసంగాలతో పడలేదు. ఐదుగురు నిపుణులు కూర్చుని కాగితాలు చూసి నివేదిక ఇస్తే, 1999 మార్చి 15 రాత్రి అధ్యక్షుడు జాక్ సాంటేర్‌తో సహా ఇరవైమందీ ఒక్క దెబ్బకి రాజీనామా చేశారు. అందులో ఒకావిడ, ఎడిత్ క్రెసాన్, తన పళ్ల డాక్టరుకి శాస్త్రవేత్త కొలువు ఇప్పించింది. అది తప్పేనని యూరోపియన్ కోర్టు 2006లో తేల్చింది, పింఛను మాత్రం కోయలేదు. పింఛనుదారుగా నేను ఈ విషయంలో తటస్థుణ్ణి.

ఇక మన ఫరాజ్ దొర. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి పోవాలని తీర్పిచ్చాక, 2016 జూన్‌లో అదే సభలో లేచి, మీలో దాదాపు ఎవరూ జన్మలో సరైన ఉద్యోగం చేసినవాళ్లు కాదన్నాడు. మళ్లీ ఉద్యోగాల మీదే పడ్డాడు. తానేమో ఆ సభ ఉండకూడదంటూనే 1999 నుంచి 2020 దాకా ఆ సభ జీతం తీసుకున్నాడు. 2018 మొదట్లో ఇంకో కబురొచ్చింది. సహాయకుడి కోసం ఇచ్చిన పార్లమెంటు సొమ్ము వేరే పనికి వాడారని అక్కడి ఆడిటర్లు తేల్చి, సుమారు 40,000 యూరోలు రాబట్టడానికి ఆయన జీతంలో కోత పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు, ఇదంతా కక్ష అన్నాడు. నేనేం తీర్పు చెప్పను. తిట్టుకి సభాపతి వేసిన జరిమానా 2,980, లెక్కకి గుమాస్తాలు పెట్టిన కోత 40,000. ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకుని ఆ రోజు రెండు కప్పుల టీ తాగాను.

మన దగ్గర ఈ తిట్ల రోగానికి మందు మాటల పట్టిక. 2022 జులైలో లోక్‌సభ సచివాలయం సభకి తగని మాటలంటూ ఒక సంకలనం వేసింది. అవినీతిపరుడు, ద్రోహం, నాటకం, కపటం, అసమర్థుడు, జుమ్లాజీవి, ఇలాంటివి చాలా. ఏ మాటనీ నిషేధించలేదు, సందర్భం చూసి తొలగిస్తాం అంతే అని సభాపతి వివరించారు. మంచిదే. మాట తీసేస్తే వస్తువు పోతుందనుకుంటే మా బ్రాంచిలో కూడా 'మొండి బాకీ' అన్న మాట కొట్టేసేవాళ్లం.

సరిహద్దుకి అటు తెలుగు రాష్ట్రాల్లో అయితే పట్టిక కూడా పనికిరాదు. మా వీధిలో తెలుగు చదవగలిగే పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు గానీ, సాయంత్రమయ్యేసరికి తెలుగు టీవీ చర్చలు మాత్రం ఇంటింటా మోగుతాయి. ఆస్పత్రిలో మందులు లేవేమండీ అని ఒకాయన అడుగుతాడు. మీ నాన్న హయాంలో ఏం ఏడ్చారంటాడు రెండో ఆయన. మా నాన్ననంటావా అని కుర్చీ జరుగుతుంది. యాంకరు మర్యాద, మర్యాద అంటాడు. ఇక చిన్న విరామం. అప్పడాల ప్రకటన వస్తుంది. మందులు ఎక్కడికీ రావు.

ఆ ఐదొందలు ఎక్కువ తేలిన మర్నాడు పొద్దున్న నేను బ్యాంకుకి అరగంట ముందే బయల్దేరి బడా బజార్ సందులోకి వెళ్లాను. పెద్దావిడ పీట మీద కూర్చుని అప్పడాల కట్టలు వెదురు తట్టలో పేరుస్తోంది. ఖాతాలో ఐదొందలు జమ చేయిస్తానమ్మా, పొరపాటు నాదేనని చెప్పి, సాయంత్రం పాసుబుక్కు పంపమన్నాను. ఆవిడ నా మొహం వంక తేరిపార చూసింది.

"డబ్బులు దొరికినాయి గదా, సంతోసం. నానన్న మాట ఎనక్కి తీసుకోమంటావేటి?"

"వద్దులేమ్మా."

"తీసుకుందునే. మొహం అలాగే ఉన్నాది మరి."

పక్క కొట్టువాళ్లు నవ్వారు. నేనూ నవ్వి రెండు కట్టలు కొన్నాను. ధర తగ్గించలేదు, నేనడగలేదు. వంద నోటిచ్చాను. చిల్లర నా చేతిలో పోసి, తరవాతి బేరం కేసి తిరిగింది. అలవాటు కొద్దీ నాలుగడుగులు వేసి లెక్కపెట్టుకున్నాను.

రెండు రూపాయలు తక్కువ. వెనక్కి తిరిగి నోరు తెరిచాను.